ఎద్దు పోయి పదమూడేళ్లు

"అంటే ఇది చచ్చిపోయిన ఎద్దుదా డాక్టరుగారూ?"

మా ఆసుపత్రికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో ఒక పెద్దాయన అడిగాడు. ఒంగోలు ఆవు, తెల్లవారుజామున ఎదకొచ్చింది. సాయంత్రం వెళ్లి సూది వేశాను, అంటే గడ్డకట్టించి దాచిన ఆబోతు వీర్యాన్ని గర్భంలోకి ఎక్కించాను. జాతి చెడకూడదు, అసలైన ఒంగోలు ఆబోతుదే కావాలని పట్టుబట్టింది ఆయనే. పని అయ్యాక ఆ వీర్యం నింపి ఉంచే సన్నటి గొట్టాన్ని, ఖాళీ స్ట్రాను, చేతికిస్తే, ఆయన మనవడు ఫోన్‌లో టార్చి వేసి దాని మీద ఉన్న సన్నటి అక్షరాలు చదివాడు. ఎద్దు నంబరు, జాతి, బ్యాచ్. "తాతా, 2009 అని ఉంది."

ఎద్దు ఇంకా ఉందా అని అడిగాడు. లేదు, పోయి పదమూడేళ్లయిందన్నాను. "పదమూడు తద్దినాలు అయిపోయిన ఎద్దుకి ఇప్పుడు దూడ పుడుతుందా?" అని ఆయన భార్య పకపకా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నేను బండి స్టార్ట్ చేస్తుంటే వెనకనుంచి వినపడేట్టే అన్నాడు, "పాత సరుకంతా మన ఊరికే తెచ్చి పోస్తారు" అని.

ఆ మాట ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. సూది నిలవకపోతే రైతు మొదట అనుమానించేది స్ట్రా వయసునే. ఆయన్ని తప్పు పట్టలేం. మందు కొన్నా, పాల ప్యాకెట్ కొన్నా తేదీ చూసి కొనమని నేర్పింది మనమే. ఫ్రిజ్‌లో పెట్టిన ఇడ్లీపిండి కూడా నాలుగో రోజుకి పులిసి పొంగుతుంది. మరి పదహారేళ్ల క్రితం గడ్డకట్టించినది ఎలా పనికొస్తుందని అడగడంలో లోకజ్ఞానం ఉంది. కానీ ఈ ఒక్క సరుకు విషయంలో ఆ లోకజ్ఞానం మనల్ని తప్పుదోవ పట్టిస్తోందనేదే నా వాదన. పైగా ఆ తప్పుదోవ మా డిపార్టుమెంటు వాళ్లకి బాగా అనుకూలంగా ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఫ్రిజ్‌లో పనులు నెమ్మదిస్తాయి. ద్రవ నత్రజనిలో, అంటే మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆగిపోతాయి. దేనికైనా పాడవ్వాలంటే లోపల ఏదో ఒక రసాయన చర్య జరగాలి, దానికి కాస్తో కూస్తో వేడి, కాస్త కదిలే నీరు కావాలి. సుమారు మైనస్ 130 కిందకి వెళితే కదిలే నీరంటూ ఉండదు. ఇక మిగిలిన శత్రువు ఒక్కటే, మన చుట్టూ నేలలోంచీ ఆకాశంలోంచీ ఎప్పుడూ వచ్చే సహజ రేడియేషన్. అది కణాలను చెప్పుకోదగ్గంతగా దెబ్బతీయాలంటే వేల ఏళ్లు పడుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. నత్రజనిలో స్ట్రాలు దాచే మా కంటైనర్ కంటే ముందు మా ఆసుపత్రి బిల్డింగే కూలుతుంది లెండి, దాని పరిస్థితి చూస్తుంటే.

ఇదేమీ పుస్తకాల్లో మాటే కాదు. 2019లో ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 1968లో గడ్డకట్టించి దాచిన మెరినో పొట్టేళ్ల వీర్యాన్ని బయటికి తీశారు. యాభై ఏళ్ల నాటిది. 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయి, అంటే 61 శాతం. ఈమధ్య కాలంలో గడ్డకట్టించిన వీర్యం వేసిన గొర్రెల్లో అది 59 శాతం. ఆ రెండు శాతం తేడా చూసి పాతదే మంచిదని అనను, లెక్కల్లో అది తేడానే కాదు. అవి గొర్రెలు, మనవి ఆవులు అని మీరంటే ఒప్పుకుంటాను. కానీ చలి సూత్రం జంతువును బట్టి మారదు. పైగా పొట్టేలు వీర్యం కంటే ఆబోతు వీర్యమే గడ్డకట్టడాన్ని బాగా తట్టుకుంటుంది.

మరి నష్టం లేనే లేదా? ఉంది, చాలా ఉంది. కానీ అది పెద్దాయన అనుకున్న చోట లేదు. ఆ పదహారేళ్లలో జరిగింది ఏమీ లేదు. నష్టమంతా రెండు చివర్ల దగ్గరుంది, గడ్డకట్టేటప్పుడు కొన్ని నిమిషాలు, కరిగేటప్పుడు కొన్ని సెకన్లు.

గడ్డకట్టేటప్పుడు నీరు మంచు పలుకులవుతుంది. ఆ పలుకులు వీర్యకణం పొరను చీల్చేస్తాయి. దీన్ని ఆపే దారి దొరకడం వెనక ఒక పొరపాటు ఉంది. లండన్‌లో మిల్ హిల్ అనే చోట పరిశోధనశాలలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ అనే ముగ్గురు కోళ్ల వీర్యంతో కుస్తీ పడుతున్నారు. ఒకరకం చక్కెర ద్రావణం వాడి చూస్తే ఏమీ లాభం లేదు. కొన్నాళ్ల తర్వాత అదే సీసా మళ్లీ తీసి వాడితే కణాలు బతికాయి! కొత్తగా చక్కెర ద్రావణం కలిపి చూస్తే మళ్లీ చచ్చాయి. సీసాలో మిగిలిన కాసినీ పరీక్షకు పంపితే అందులో చక్కెరే లేదు, గ్లిజరిన్ ఉంది. లేబుళ్లు తారుమారయ్యాయి. చలికాలంలో పెదాలకు రాసుకునే ఆ గ్లిజరిన్ వల్లే ఈ పరిశ్రమంతా పుట్టింది. 1949లో వాళ్లు ఆ సంగతి ప్రచురించారు. మా మందుల గదిలో లేబుల్ తారుమారైతే మెమో వస్తుంది, వాళ్లకు చరిత్రలో చోటు వచ్చింది.

ఇప్పటికీ స్ట్రాలో ఉండేది దాదాపు అదే వంటకం, కోడిగుడ్డు పచ్చసొన, గ్లిజరిన్, కాస్త చక్కెర, లవణాలు. అయినా గడ్డకట్టి కరిగే లోపు చాలా కణాలు పోతాయి. అది ముందే లెక్కలో వేసుకుంటారు. మన దేశంలో 0.25 మిల్లీలీటర్ల స్ట్రాలో 2 కోట్ల కణాలు నింపుతారు, కరిగాక కనీసం సగం చురుగ్గా కదలాలని నియమం. గడ్డకట్టించిన తర్వాత నెల రోజులైనా ఆపి గానీ బయటికి పంపరు. ఆ పరీక్ష దాటి వచ్చిన స్ట్రా నిన్నటిదైనా, 2009దైనా, మునిగి ఉన్నంతవరకు ఒకటే.

మునిగి ఉన్నంతవరకు. ఈ రెండు మాటలు నాకు తెలిసొచ్చింది ఒక సంక్రాంతికి.

ఉద్యోగంలో చేరి రెండో ఏడు. నత్రజని బండి పదిహేను రోజులకోసారి రావాలి, ఆ నెల రాలేదు. ఫోన్ చేస్తే రేపు అన్నారు. రేపు భోగి. నేను ఊరెళ్లిపోయాను. కనుమ వెళ్లిన మర్నాడు వచ్చి కంటైనర్ మూత తీస్తే తెల్లటి పొగ లేచింది. హమ్మయ్య అనుకున్నాను. అలవాటు ప్రకారం చెక్క స్కేలు అడుగుదాకా దించి, కాసేపు ఉంచి, తీసి గాలిలో ఊపాను. నత్రజని ఎంత ఎత్తు ఉంటే అంత ఎత్తున పుల్ల మీద తెల్లటి నూగు కడుతుంది. ఆ రోజు అడుగున కూడా గీత లేదు. పుల్ల చల్లగా ఉంది, అంతే. పొగ మాత్రం వస్తూనే ఉంది.

ఆ పొగను నమ్మాను. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను. సాయంత్రానికి బండి వచ్చింది, నిండా పోయించాను, మూత పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మూడువందల పైచిలుకు స్ట్రాలకు నేనే జవాబుదారీ. రెండు నెలల పాటు ఆ స్ట్రాలే వేశాను. ఇరవై ఒకటో రోజున ఒక్కొక్కరే ఫోన్. "మళ్లీ పొర్లింది డాక్టరుగారూ." అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చిందని. ఒకావిడ తన గేదెను మూడుసార్లు నడిపించుకొచ్చింది, ఎండలో, రానూ పోనూ నాలుగు కిలోమీటర్లు. మూడోసారి కూడా నిలవకపోయేసరికి ఆవిడ అన్నది అదే మాట, "పాత మందు వేసినట్టున్నారు సార్." నేను అవునమ్మా, కొత్త బ్యాచ్ వస్తుంది అన్నాను.

ఆ స్ట్రాలు నాలుగు నెలల కిందటివి. చివరికి మనసాగక జిల్లా కేంద్రంలో మైక్రోస్కోపు ఉన్న చోటికి రెండు పట్టుకెళ్లాను. కరిగించి చుక్క వేసి చూశాం. మామూలుగా అయితే తుఫాను ముందు సముద్రంలా సుడులు తిరగాలి. అక్కడ చెరువులో నాచులా నిశ్చలంగా ఉంది. ఎక్కడో ఒకటీ అరా తోక ఆడిస్తోంది.

జరిగిందేమిటంటే, నత్రజని ఆవిరైపోయాక డబ్బా లోపల వేడి మెల్లగా పెరుగుతుంది. మైనస్ 130 దాటి పైకి వచ్చిందంటే చిన్న మంచు పలుకులు ఒకదానికొకటి కలిసి పెద్దవవుతాయి. కరెంటు పోయి వచ్చాక ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ తిని చూడండి, పళ్లకింద ఐసు గరగరలాడుతుంది. అదే పని ఇక్కడా, కాకపోతే ఆ పలుకులు చీల్చేది కణం పొరను. తర్వాత మళ్లీ నత్రజని పోస్తే అంతా మళ్లీ మైనస్ 196కి వెళుతుంది. స్ట్రా చూస్తే ఏ తేడా ఉండదు. అదే రంగు, అదే గట్టి, అదే తేదీ. చచ్చిన స్ట్రాకి వాసన రాదు, రంగు మారదు.

తొలినాళ్లలో వీర్యాన్ని నత్రజనిలో కాకుండా డ్రై ఐస్‌లో, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో, మైనస్ 79 దగ్గర దాచేవాళ్లు. అప్పుడు నిజంగానే నెలలు గడిచేకొద్దీ చూడి శాతం తగ్గేది. మైనస్ 79 మనకి భయంకరమైన చలి, ఆ కణాలకి మాత్రం సరిపోని చలి. నత్రజనికి మారాక ఆ బెడద తీరింది. నా సంక్రాంతి పొరపాటులో నేను చేసిందల్లా ఆ స్ట్రాలను నాలుగు రోజుల పాటు డ్రై ఐస్ కాలానికో, అంతకంటే వెనక్కో పంపడమే.

అందుకే అంటున్నాను, వయసును నిందించడం మా డిపార్టుమెంటుకు బాగా కలిసొస్తుందని. "పాత సరుకు" అంటే తప్పు ఎక్కడో పైన, ఎప్పుడో జరిగింది. సంతకం పెట్టేవాడి చేతికి మట్టి అంటదు. నత్రజని తగ్గిపోయిందంటే మాత్రం ఫలానా తేదీన ఫలానా మనిషి చూడలేదని తేలుతుంది. కంటైనర్‌కి ఒక పుస్తకం ఉంటుంది, నత్రజని ఎన్ని అంగుళాలుందో రాయాలి. ఇన్నేళ్లలో నేను చూసిన పుస్తకాల్లో చాలావాటిలో ఏడాది పొడవునా ఒకే అంకె, ఒకే సిరా, ఒకే కూర్చోవడంలో రాసినట్టు ఒకే వాలు. మూడు కరువులు వచ్చినా ఆ కంటైనర్లలో మట్టం తగ్గదు.

ఇక రెండో చివర, కరిగించడం. ఇది రైతు కళ్లముందే జరుగుతుంది, అయినా ఎవరూ పట్టించుకోరు. డబ్బాలోంచి స్ట్రాలుండే చిన్న గిన్నెను, అంటే కానిస్టర్‌ను, పైకి లాగి, మెడ బయట పట్టుకుని, తీరిగ్గా స్ట్రాలు ఏరుతుంటారు కొందరు, చిల్లర ఏరినట్టు. స్ట్రా సన్నటి గొట్టం, బయటి గాలిలో పది సెకన్లు చాలు వేడెక్కడానికి. తీసినది సరే, దాని పక్కన ఉన్న ఇరవై సంగతేమిటి? ప్రతిసారీ అవి కాస్త పైకొచ్చి, కాస్త వేడెక్కి, మళ్లీ మునుగుతాయి. అరవైసార్లు తెరిచిన డబ్బాలో అడుగున మిగిలిన చివరి స్ట్రా అరవై చిన్న సంక్రాంతులు చూసి ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ల నాటి స్ట్రాలు కరిగిస్తే కదలిక కాస్త తక్కువ కనిపించిన సందర్భాలు ఉన్నాయని కొందరు డాక్టర్లు నాతో వాదిస్తారు. ఉండొచ్చు. అన్నేళ్లలో అవి ఎన్ని డబ్బాలు మారాయో, ఎన్నిసార్లు పైకి లేచాయో ఎవరు లెక్కపెట్టారు? పైగా అప్పటి గడ్డకట్టించే పద్ధతి ఇప్పటంత మెరుగైనది కాదు. పుట్టుకతో ఉన్న బలహీనతను ముసలితనం అని రాసేస్తున్నాం.

తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. ఇంతే సూత్రం. పాటించేవాళ్లు ఎంతమంది? చొక్కా జేబులో వేసుకునేవాళ్లు, చంకలో పెట్టుకునేవాళ్లు, రెండు అరచేతుల మధ్య రుద్దేవాళ్లు, గాలిలో విసిరి ఊపేవాళ్లు అందరూ ఉన్నారు. మెల్లగా కరిగితే మళ్లీ అదే ప్రమాదం, మంచు పలుకులు పెరిగే మైనస్ డిగ్రీల దారిలో ఎక్కువసేపు ఆగుతుంది. నేను టీ ఫ్లాస్కులో వేడినీళ్లు, ఒక సీసాలో చన్నీళ్లు, ఒక థర్మామీటరు పట్టుకెళతాను. స్టీలు గ్లాసు రైతు ఇస్తాడు. జనవరి తెల్లవారుజామున గ్లాసులో నీళ్లు నిమిషంలో చల్లారిపోతాయి, మే నెలలో రైతు తెచ్చిన "మామూలు నీళ్లే" 40 దాటి ఉంటాయి. 30 సెకన్లు అయ్యాక స్ట్రాను దూదితో పొడిగా తుడవాలి, ఒక్క నీటిచుక్క లోపలికి పోయినా కణాలు ఉబ్బి చస్తాయి. కత్తిరించి, వీర్యం ఎక్కించే పొడవాటి గన్‌లో పెట్టి, పైన షీత్ అనే తొడుగు వేసి, ఇక ఆలస్యం చేయకూడదు. ఈ లోపు రైతు కాఫీ తాగమంటాడు. మొహమాటపడి కూర్చున్నారో, ఎద్దు రెండోసారి చచ్చినట్టే.

ఈమధ్య దాదాపు పెయ్యదూడలే పుట్టే స్ట్రాలు వచ్చాక నాకు ఈ భయం ఇంకా ఎక్కువైంది. వాటిలో సాధారణంగా 20 లక్షల కణాలే ఉంటాయి, మామూలు స్ట్రాలో పదో వంతు. మామూలు స్ట్రాలో సగం చచ్చినా కోటి మిగులుతాయి, మన నిర్లక్ష్యాన్ని మోసే ఓపిక దానికుంది. దీనికి లేదు.

పాపం స్ట్రానే ఎప్పుడూ దోషి అనడం కూడా తప్పే లెండి. మన దేశంలో ఒక సూదికి చూడి నిలిచేది సుమారు 35 శాతం అని ప్రభుత్వ కాగితాలే చెబుతుంటాయి. అంటే అన్నీ మామూలుగా సాగినా మూడిట రెండు పొర్లుతాయి. గేదెల్లో మూగ ఎద, బక్కచిక్కిన పశువు, ఖనిజాల లోటు, ఎద దాటిపోయాక చేసిన ఫోను, ఇవన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి.

పాత స్ట్రాను కాదనడానికి సరైన కారణాలు మాత్రం రెండున్నాయి. వాటిని ఎవరూ అడగరు, అదే విచిత్రం.

ఒకటి, వీర్యానికి వయసు రాదు గానీ ఎద్దు విలువకు వస్తుంది. హోల్‌స్టీన్, జెర్సీల్లో ప్రతి తరం ఆబోతులను కూతుళ్ల పాల లెక్కలు చూసి ఎంచుతూ పోతారు. పదిహేనేళ్ల కిందటి ఆబోతు అప్పటికి మేటి కావచ్చు, ఇప్పటి వాటి పక్కన సాధారణం. సంకరజాతి ఆవుకి 2009 స్ట్రా వేస్తానంటే నేనే వద్దంటాను, అది నిలవదని కాదు, నిలుస్తుంది కాబట్టి. దాచిన మంచితో పాటు దాచిన చెడు కూడా నిలుస్తుంది. అమెరికాలో చీఫ్ అని 1962లో పుట్టిన హోల్‌స్టీన్ ఆబోతు ఉండేది. పాలదిగుబడి పెంచడంలో దాన్ని మించింది లేదని దేశదేశాలకూ దాని సంతతి వెళ్లింది. దాని రక్తంలో గర్భంలోనే దూడను చంపే ఒక జన్యులోపం ఉందని ఎన్నో దశాబ్దాల తర్వాత బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 5,25,000 గర్భస్రావాలు దాని వల్లేనని 2016లో అంచనా కట్టారు.

రెండోది మన ఊళ్లలో జరిగేది. ఒకే ఆబోతు స్ట్రాలు ఏళ్ల తరబడి ఒకే డబ్బాలో ఉంటే, దాని కూతురు ఎదకొచ్చినప్పుడు కూడా చేతికందేది ఆ స్ట్రానే. తండ్రి చచ్చి పదేళ్లయినా కూతురికి మొగుడు కాగలడు. చెవిపోగు మీద 12 అంకెల నంబరు ఉంది, తల్లీతండ్రీ ఎవరో ఎక్కించే వీలూ ఉంది. సూది వేసే ముందు తండ్రి నంబరు చూసేవాళ్లు ఎంతమందో మీ ఊరి పశువైద్యుణ్ణి అడిగి చూడండి. నన్ను అడిగినా సిగ్గుపడే రోజులు ఉన్నాయి.

ఒంగోలు సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఇక్కడ పాత ఆబోతు అంటే వెనకబడిన ఆబోతు కాదు, మళ్లీ దొరకని ఆబోతు. ఒంగోలు దగ్గరి మా కరవది ఊరి పేరు మోసుకుని 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్లిన ఆబోతు పేరు ఇప్పటికీ ఒంగోలు సంతతి అయిన అక్కడి నెలోర్ పశువుల వంశవృక్షాల్లో కనపడుతుంది. ఇక్కడ అదే నెత్తురు కోసం ఊరూరా వెతుక్కుంటున్నాం. అమెరికాలో హోల్‌స్టీన్ ఆబోతులు దాదాపు అన్నీ మగ వరసలో చీఫ్, ఎలివేషన్ అనే రెండింటి దగ్గరికే చేరుతున్నాయని తేలాక, పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఫోర్ట్ కాలిన్స్‌లోని ప్రభుత్వ జన్యుబ్యాంకులో దశాబ్దాలుగా పడి ఉన్న వేరే ఆబోతుల వీర్యం తెచ్చి, అంతరించిన వరసలకు మళ్లీ దూడలు పుట్టించారు. ఆ స్ట్రాల తేదీ చూసి ఎవరైనా పారేసి ఉంటే ఆ వరసలు అంతటితో సరి. స్టాకు తనిఖీకి వచ్చి "ఇవన్నీ పాతవి కదా, రైటాఫ్ చేసేయండి" అనే పెద్దమనుషులను చూసినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. 2009 స్ట్రాలను నేను మూడు తనిఖీల నుంచి తప్పించాను. ఎలాగో ఇక్కడ రాయను.

పెద్దాయన ఆవు సంగతి చెప్పలేదు కదూ. ఇరవయ్యో రోజున మళ్లీ ఎదకొచ్చింది. ఫోన్‌లో ఆయన గొంతులో కోపం కంటే విజయం ఎక్కువ వినపడింది. వెళ్లాను. మాటల్లో ఆయన భార్య బయటపెట్టింది, మొదటిసారి ఆవు అరిచింది తెల్లవారుజామున కాదట, అంతకు ముందు రోజు మధ్యాహ్నం నుంచీ అరుస్తూనే ఉందట, పొలంలో మిర్చికి మందు కొట్టే హడావిడిలో ఎవరూ చూడలేదట. ఆయన ఆవిడ వైపు కొరకొరా చూశాడు.

ఈసారి తేదీ కొత్తగా ఉన్నది వేయమన్నాడు. వేయనన్నాను. 2009దే మళ్లీ తీశాను. మనవడు గ్లాసులో థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాడు, 37 దగ్గర ఆగిందని అరిచాడు, సెకన్లు పైకే లెక్కపెట్టాడు. ముప్పై అనగానే తీసి తుడిచాను.

ఇరవై ఒకటి దాటింది, నలభై రెండు కూడా దాటింది. ఫోన్ రాలేదు. మూడో నెల నిండాక వెళ్లి చెయ్యి పెట్టి చూడాలి. ఈలోగా ఆ కుర్రాడు వారానికోసారి స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఆసుపత్రి దగ్గర సైకిల్ ఆపుతున్నాడు. పుల్ల దించి, తీసి, గాలిలో ఊపి, నూగు ఎక్కడిదాకా వచ్చిందో వేలితో కొలిచి పుస్తకంలో వాడే రాస్తున్నాడు. పోయిన వారం ఏడు అంగుళాలు. నిన్న ఆరున్నర.